దారి చెప్పే చరిత్ర: అండమాన్ ట్రంక్ రోడ్డు వెంట

1.0 ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• అండమాన్ దీవుల ఆధునిక చరిత్రలోని ముఖ్య దశలను కాలక్రమంలో వివరించగలుగుతారు.
• రోడ్డు, తీరం, ఊరి పేరు వంటివి చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగపడతాయో గుర్తించగలుగుతారు.
• అభివృద్ధి కోసం వేసిన ఒక రోడ్డు ఆదిమ జాతుల జీవితంపై చూపిన ప్రభావాన్ని చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

మీ దగ్గర పాత ఎర్రరంగు ఇరవై రూపాయల నోటు ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. కొబ్బరిచెట్లు, వాటి అవతల సముద్రం, దూరాన దీపస్తంభం కనిపిస్తాయి. అది దక్షిణ అండమాన్‌లోని మౌంట్ హారియట్ కొండ మీది నుంచి కనిపించే దృశ్యం. ఆ బొమ్మలో మనుషులు లేరు. అండమాన్ అనగానే మన మనసులో మెదిలేవి సాధారణంగా రెండే చిత్రాలు. ఒకటి ఇలాంటి నిర్జనమైన అందమైన తీరం, రెండవది సెల్యులర్ జైలు. ఈ రెండింటితోనే ఆ దీవుల చరిత్ర పూర్తవుతుందని అనుకుంటే పొరపాటు.

చరిత్ర అధ్యయనానికి శాసనాలు, దస్తావేజులు, నాణేలు ఆధారాలని మీరు ఇంతకుముందు పాఠాల్లో చదివారు. రోడ్డు కూడా అలాంటి ఆధారమే. ఒక రోడ్డును ఎవరు, ఎప్పుడు, ఎవరి అవసరం కోసం వేశారు, అది ఎవరి నేల మీదుగా పోతోంది అని అడిగితే ఆ ప్రాంత చరిత్ర చాలావరకు బయటపడుతుంది. అండమాన్ ట్రంక్ రోడ్డు అందుకు మంచి ఉదాహరణ. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన దిగ్లిపూర్ దాకా సుమారు 330 కిలోమీటర్ల పొడవున సాగే ఈ రోడ్డు నేడు 4వ నంబరు జాతీయ రహదారి. ఈ పాఠంలో మనం ఒక కారులో దక్షిణం నుంచి ఉత్తరానికి వెళుతున్నట్లు ఊహించుకుని, దారిలో కనిపించే ప్రతి ముఖ్యమైన చోట ఆగి చూద్దాం. ఒక్కచోట మాత్రం ఆగడానికి వీలుండదు. ఎందుకు వీలుండదో తెలుసుకోవడమే ఈ పాఠంలోని ప్రధానాంశం.

1.2 దీవులు, దూరం, పేర్లు

బంగాళాఖాతంలో ఉత్తర దక్షిణాలుగా సాగిన అండమాన్ నికోబార్ ద్వీప సముదాయం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. వందల సంఖ్యలో ఉన్న దీవుల్లో మనుషులు నివసించేవి సుమారు నలభై మాత్రమే. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడలో వెళితే మూడు రోజులు పడుతుంది. మయన్మార్ తీరం వీటికి భారత ప్రధాన భూభాగం కంటే చాలా దగ్గర. ఈ దూరమే బ్రిటిష్ పాలకులకు ఉపయోగపడింది.

పేర్ల విషయంలో ఒక సూచన. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. రాస్ దీవి 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అయింది. మౌంట్ హారియట్‌ను 2021లో మౌంట్ మణిపూర్‌గా మార్చారు. 1891 నాటి ఆంగ్లో మణిపూర్ యుద్ధం తరువాత మణిపూర్ మహారాజు కులచంద్ర సింగ్‌ను, ఆయన సహచరులను ఈ ప్రాంతానికే ద్వీపాంతరం పంపారు. పాత దస్తావేజుల్లో పాత పేర్లే ఉంటాయి కాబట్టి ఈ పాఠంలో వాటినే వాడుతున్నాం. పేర్లు మారడం కూడా చరిత్రలో భాగమేనని మీరు గుర్తుంచుకోవాలి.

1.3 పోర్ట్ బ్లెయిర్: తీరం వెంట మొదటి మజిలీ

మన ప్రయాణం అబర్డీన్ బజారు దగ్గర మొదలవుతుంది. ఇక్కడినుంచి సముద్రపు ఒడ్డునే ఒక రోడ్డు దక్షిణంగా కార్బిన్స్ కోవ్ దాకా వెళుతుంది. ఒకవైపు కొండ, మరొకవైపు నీలిరంగు సముద్రం. రోడ్డు పక్కన అక్కడక్కడా జపాన్ సైన్యం కట్టిన కాంక్రీటు బంకర్లు కనిపిస్తాయి. ఎదురుగా రాస్ దీవి. కారులో పావుగంట పట్టే ఈ చిన్న దారిలోనే సుమారు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాదళ అధికారి ఈ తీరాన్ని సర్వే చేసి, 1789లో చాతం దీవిపై ఈస్టిండియా కంపెనీ తరఫున మొదటి స్థావరాన్ని నెలకొల్పాడు. 1792లో దానిని ఉత్తర అండమాన్‌కు మార్చారు. అక్కడ జ్వరాలు, మరణాలు ఎక్కువ కావడంతో 1796లో స్థావరాన్నే వదిలేశారు. మళ్లీ అరవై ఏళ్లకు, 1857 తిరుగుబాటు తరువాత, వేలాది ఖైదీలను ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పాలకులకు ఈ దీవులు గుర్తుకొచ్చాయి. 1858 మార్చి 10న జె.పి. వాకర్ అనే అధికారి రెండు వందల మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. ద్వీపాంతరవాస శిక్షను ప్రజలు "కాలాపానీ" అని పిలిచారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. వాకర్ దిగిన నేల ఖాళీ నేల కాదు. గ్రేట్ అండమానీలు అని పిలిచే పది తెగల ప్రజలు వేల ఏళ్లుగా అక్కడ నివసిస్తున్నారు. అడవి నరికి స్థావరం విస్తరిస్తుంటే వారు ఎదురు తిరిగారు. 1859 మే నెలలో అబర్డీన్ దగ్గర జరిగిన పోరాటంలో వారు విల్లంబులతో తుపాకులను ఎదిరించారు. వారి మధ్య కొంతకాలం ఉండి తిరిగివచ్చిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందుగానే సమాచారం ఇవ్వడంతో బ్రిటిష్ వారు సిద్ధంగా ఉన్నారు. ఆ పోరాటానికి గుర్తుగా ఇప్పుడు అక్కడ ఒక స్మారక స్తంభం ఉంది.

కార్బిన్స్ కోవ్ అనే పేరు హెన్రీ కార్బిన్ అనే మతాధికారిది. ఆయన ఆధ్వర్యంలో 1863లో రాస్ దీవిపై "అండమాన్ హోం" మొదలైంది. అడవి ప్రజలను అక్కడికి తెచ్చి బట్టలు, ఇంగ్లీషు మాటలు, కొత్త అలవాట్లు నేర్పాలన్నది ఆలోచన. ఫలితం వేరుగా వచ్చింది. బయటివారితో కలవడం వల్ల వారికి పరిచయం లేని రోగాలు అంటుకున్నాయి. 1870ల్లో సవాయి రోగం, తట్టు వారిని తుడిచిపెట్టాయి. 1858 నాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కల్లో 625 మంది, 1961 లెక్కల్లో 19 మంది మాత్రమే. వారి భాషల్లో ఒకటైన "బో" మాట్లాడే చివరి వ్యక్తి 2010లో మరణించారు. నేడు పర్యాటకులు ఫొటోలు దిగే ఆ అందమైన తీరం పేరు వెనుక ఉన్న కథ ఇది.

1.4 జైలు, ఖైదీలు, ఆక్రమణ

1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులర్ జైలును ఖైదీల చేతే కట్టించారు. మధ్యలో బురుజు, దాని చుట్టూ చక్రపు ఆకుల్లా ఏడు విభాగాలు, ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క గది. ఒకరినొకరు చూసుకోవడానికి వీలులేని ఏర్పాటు అది. ఏడు విభాగాల్లో నేడు మూడే మిగిలాయి. 1933, 1937 సంవత్సరాల్లో రాజకీయ ఖైదీలు చేసిన నిరాహార దీక్షల తరువాతనే వారిని ప్రధాన భూభాగానికి తిరిగి పంపారు. 1979లో దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

తెలుగు నేలకు ఇక్కడ నేరుగా సంబంధం ఉంది. రంప, మన్యం తిరుగుబాట్లలో పట్టుబడినవారిలో కొందరిని అండమాన్‌కు పంపారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఈ జైలులో గడిపారు. అయితే అండమాన్‌కు వచ్చిన ఖైదీలందరూ రాజకీయ ఖైదీలు కారు. ఎక్కువమంది సాధారణ నేరస్థులు. శిక్షలో కొంతకాలం గడిచాక వారికి సొంతంగా సేద్యం చేసుకోవడానికి, పెళ్లి చేసుకోవడానికి అనుమతి ఉండేది. వారి సంతతి "లోకల్ బార్న్" అనే సమాజంగా ఏర్పడింది. కులం, మతం, ప్రాంతం వేరైన కుటుంబాలు కలిసి బతికాయి, హిందుస్తానీ వారందరి భాష అయింది.

జైలు కొండ మీది నుంచి చూస్తే ఓడరేవుకు అవతల మౌంట్ హారియట్ కనిపిస్తుంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో ఆ కొండ దిగి హోప్‌టౌన్ రేవు దగ్గర పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన ఏకైక వైస్రాయి మేయో. షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు. చాతం రేవు నుంచి కార్లను కూడా ఎక్కించుకునే పడవ మీద బాంబూ ఫ్లాట్‌కు దాటితే ఆ కొండకు వెళ్లవచ్చు. చాతంలోనే 1883లో స్థాపించిన కలప కోత మిల్లు ఉంది. దీవుల అడవులు కలపగా మారి ప్రపంచ మార్కెట్‌కు వెళ్లిన దారి అదే.

రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 మార్చి 23న జపాన్ సైన్యం దీవులను ఆక్రమించింది. ఈ దశను అర్థం చేసుకోవడానికి రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ జెండా ఎగురవేశారు. సరిగ్గా నెల తరువాత, 1944 జనవరి 30న, నగర శివార్లలోని హోంఫ్రీగంజ్ దగ్గర జపాన్ సైనికులు 44 మంది స్థానికులను గూఢచారులన్న అనుమానంతో కాల్చి చంపారు. మొదటి తేదీ ఎక్కువమందికి తెలుసు. రెండవది తక్కువమందికి తెలుసు. రెండింటినీ కలిపి చదివినప్పుడే ఆ కాలం పూర్తిగా అర్థమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1789, 1858, 1906, 1942 సంవత్సరాలకు అండమాన్ చరిత్రలో ఉన్న ప్రాధాన్యాన్ని ఒక్కొక్క వాక్యంలో రాయండి.

1.5 నగరం దాటాక: నీట మునిగిన పొలాలు, ఊళ్ల పేర్లు

పోర్ట్ బ్లెయిర్ దాటి సిప్పిఘాట్ చేరేసరికి రోడ్డు పక్కన విశాలమైన నీటి మడుగులు, వాటి మధ్య ఎండిన కొబ్బరి మోడులు కనిపిస్తాయి. చూడటానికి చెరువుల్లా ఉంటాయి, కొంగలు వాలుతుంటాయి. కానీ 2004 వరకు ఇవి వరి పొలాలు. ఆ ఏడాది డిసెంబరు 26న వచ్చిన భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లో నేల సుమారు ఒక మీటరు కుంగింది. సునామీ అల వెనక్కి వెళ్లిపోయినా, పల్లపు పొలాల్లోకి ఉప్పునీరు శాశ్వతంగా వచ్చి చేరింది. ప్రకృతి దృశ్యమని మనం చూసేది కొన్నిసార్లు ఒక రైతు పోగొట్టుకున్న పొలం కావచ్చునన్న సంగతి సిప్పిఘాట్ గుర్తుచేస్తుంది.

ఇక్కడినుంచి ఫెరార్‌గంజ్ దాకా ఊళ్ల పేర్లను గమనించండి. దక్షిణ అండమాన్‌లో కాలికట్, మలప్పురం, మన్నార్‌ఘాట్ అనే ఊళ్లున్నాయి. 1921 మాప్పిళ్ల తిరుగుబాటు తరువాత మలబారు నుంచి ద్వీపాంతరం పంపినవారు, వారి వెనుక వచ్చిన కుటుంబాలు తమ సొంత ఊళ్ల పేర్లనే కొత్త నేలకు పెట్టుకున్నారు. ఫెరార్‌గంజ్ ప్రాంతంలో భాంతూలు స్థిరపడ్డారు. బ్రిటిష్ ప్రభుత్వం "నేరస్థ జాతి"గా ముద్రవేసి ఉత్తర భారతం నుంచి తరలించిన సమూహం వారిది. అడవి పనుల కోసం 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ ఆదివాసీలను కూలీలుగా తెచ్చారు. వారిని ఇప్పటికీ "రాంచీవాలాలు" అంటారు. ఇలా ఇరవై ముప్ఫై కిలోమీటర్ల దారిలోనే భారతదేశపు నాలుగు మూలల చరిత్ర మీకు ఎదురవుతుంది.

1.6 జిర్కాటాంగ్ చెక్‌పోస్టు: ఆగకూడని దారి

పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు గంటన్నర ప్రయాణం తరువాత జిర్కాటాంగ్ చెక్‌పోస్టు వస్తుంది. ఇక్కడ కార్లు, బస్సులు, లారీలు అన్నీ వరుసలో నిలబడి నిర్ణీత వేళ కోసం ఎదురుచూడాలి. రోజుకు కొన్నిసార్లు మాత్రమే, పోలీసు వాహనం తోడుగా, అన్ని వాహనాలను ఒకే వరుసగా వదులుతారు. ముందున్న సుమారు 50 కిలోమీటర్ల దారి జరావా రిజర్వు అడవి. వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. బండి ఆపకూడదు. ముందున్న వాహనాన్ని దాటకూడదు. ఫొటోలు తీయకూడదు. జరావాలు కనబడితే తినుబండారాలు ఇవ్వకూడదు. వీటిని ఉల్లంఘించడం శిక్షార్హమైన నేరం.

జరావాలు వేట, చేపలు పట్టడం, తేనె, దుంపలు సేకరించడం మీద బతికే ప్రజలు. 2001 జనాభా లెక్కల్లో వారి సంఖ్య 240, 2011లో 380. ఆదిమ జాతుల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనల ప్రకారం 1957లో వారి అడవిని రిజర్వుగా ప్రకటించారు. బయటివారు అందులో ప్రవేశించకూడదన్నదే ఆ నిబంధనల సారాంశం. అయితే 1970ల తొలి సంవత్సరాల్లో అదే అడవిని చీల్చుతూ ట్రంక్ రోడ్డు పని మొదలైంది. ఉత్తరాన, మధ్యన స్థిరపడిన వేలాది కుటుంబాలకు ఆసుపత్రి, మార్కెట్, రేవు అన్నీ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నాయి. ఓడ వారానికి ఒకటి రెండు సార్లు వచ్చేది. వారి అవసరం నిజమైనదే. జరావాల ప్రతిఘటన కూడా నిజమైనదే. వారు పనివారిపై బాణాలు వేశారు, రెండువైపులా ప్రాణాలు పోయాయి, కొంతకాలం పని ఆగింది. చివరకు బుష్ పోలీసుల కాపలాలో 1980ల చివరినాటికి రోడ్డు పూర్తయింది.

తరువాతి పరిణామాలను వరుసగా చూడండి. 1996లో కాలు విరిగి అడవి అంచున పడివున్న ఒక జరావా బాలుడిని పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకువెళ్లి నెలల తరబడి చికిత్స చేసి తిరిగి పంపారు. 1997 చివరి నుంచి జరావాలు తమంతట తాము విల్లంబులు లేకుండా కదంతలా వంటి ఊళ్లకు రావడం మొదలైంది. 1999లో వారిలో తట్టు వ్యాపించింది. గ్రేట్ అండమానీలకు 1870ల్లో జరిగింది మళ్లీ జరుగుతుందన్న భయం అప్పుడు అందరిలో కలిగింది. ఈసారి వైద్య సహాయం అందింది కాబట్టి ఆ ప్రమాదం తప్పింది. 2002 మే నెలలో సుప్రీంకోర్టు రిజర్వు గుండా పోయే రోడ్డు భాగాలను మూసివేయాలని ఆదేశించింది. ఆ తరువాత కూడా వాహనాల వరుసలు సాగుతూనే వచ్చాయి. 2004లో ప్రభుత్వం జరావాల జీవితంలో వీలైనంత తక్కువగా జోక్యం చేసుకోవాలనే విధానాన్ని ప్రకటించింది. 2012లో రోడ్డు పక్కన జరావా స్త్రీల చేత నాట్యం చేయిస్తున్న వీడియో బయటపడి దేశమంతటా నిరసన వ్యక్తమైంది. 2013 ఆరంభంలో సుప్రీంకోర్టు పర్యాటకుల రాకపోకలను కొన్ని వారాలపాటు నిలిపివేసి, తరువాత ఆ ఆంక్షను సడలించింది.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహం రావచ్చు. రోడ్డు మూసేస్తే ఉత్తరాన ఉన్నవారి గతేమిటి? మూయకపోతే జరావాల గతేమిటి? దీనికి సులభమైన జవాబు లేదు. కానీ రెండు రకాల ప్రయాణికులను వేరుచేసి చూడాలి. రోగిని ఆసుపత్రికి తీసుకువెళుతున్న రంగత్ రైతుకు ఈ దారి అవసరం. కిటికీలోంచి మనుషులను వింతగా చూడాలనుకునే పర్యాటకుడికి అది అవసరం కాదు. రోడ్డు వల్ల కలిగే హానిలో పెద్ద భాగం ఈ రెండవ రకం చూపు వల్లనే కలుగుతోంది. చరిత్ర విద్యార్థి సాధారణంగా అన్నీ చూడాలి, అడగాలి, రాసుకోవాలి. ఈ 50 కిలోమీటర్లలో మాత్రం మిమ్మల్ని చూడమని ఎవరూ కోరలేదన్న సంగతి గుర్తుపెట్టుకోవడమే విద్యార్థి లక్షణం.

1.7 బారాటాంగ్ నుంచి రంగత్ దాకా

అడవి దారి మిడిల్ స్ట్రెయిట్ దగ్గర సముద్రపు పాయ ఒడ్డున ముగుస్తుంది. దశాబ్దాలుగా ఇక్కడ కార్లు, బస్సులు పెద్ద పడవ మీదికి ఎక్కి అవతల బారాటాంగ్ దీవిలోని నీలంబూర్‌లో దిగుతున్నాయి. పాయకు రెండువైపులా మడ అడవులు. మన కోరంగి మడ అడవులను చూసినవారికి ఈ దృశ్యం కొత్తగా అనిపించదు. నీలంబూర్ అనే పేరు కూడా మలబారు నుంచి వచ్చినదే. ఈ దీవిలో సున్నపురాతి గుహలు, బుడగలు బుడగలుగా బురద చిమ్మే మట్టి అగ్నిపర్వతం ఉన్నాయి. నేల కింది కదలికలు ఇక్కడ ఆగిపోలేదని అవి తెలుపుతాయి.

మధ్య అండమాన్‌లోని కదంతలా దాటాక భూదృశ్యం మారుతుంది. అడవి వెనక్కి తగ్గి, వరి పొలాలు, పోకతోటలు, ఇంటి ముందు చేపల చెరువులు కనిపిస్తాయి. కాసేపు బెంగాల్ పల్లెలో ఉన్నామనిపిస్తుంది. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలను 1949 నుంచి ఇక్కడికి తరలించారు. మొదట దక్షిణ అండమాన్‌లో, 1950ల్లో రంగత్, దిగ్లిపూర్ ప్రాంతాల్లో అడవి నరికించి వారికి భూమి పంచారు. బకుల్‌తలా, కదంతలా వంటి పేర్లు బెంగాలీ చెట్ల పేర్లు. రంగత్ చుట్టుపక్కల పంచవటి, పర్ణశాల, శబరి, దశరథపూర్ అనే ఊళ్లు కూడా ఉన్నాయి. భద్రాచలం దగ్గరి పర్ణశాల, శబరి నది తెలిసిన మీకు ఈ పేర్లు పరిచయమే. అరణ్యవాసాన్ని తలపించే ఈ పేర్లు, ఇల్లు పోగొట్టుకుని అడవిలో కొత్త ఇల్లు కట్టుకున్నవారికి ఎంత సరిపోయాయో మీరే ఆలోచించండి.

రంగత్ దాటాక రోడ్డు కొంతదూరం తూర్పు తీరాన్ని ఆనుకుని పోతుంది. ఆమ్‌కుంజ్ బీచ్, ధనినాలా దగ్గర మడ అడవి మధ్య చెక్క వంతెన, కత్‌బర్ట్ బే దగ్గర తాబేళ్లు గుడ్లుపెట్టే ఇసుకతీరం ఈ భాగంలోనివే. ఇక్కడ మీరు కారు ఆపి నడవవచ్చు.

1.8 మాయాబందర్, దిగ్లిపూర్: పైకి లేచిన తీరం

మాయాబందర్ దగ్గర వేబీ అనే ఊరిలో కరేన్ ప్రజలు ఉన్నారు. 1925లో అడవి పనుల కోసం బర్మా నుంచి వచ్చిన కుటుంబాల సంతతి వారు. అప్పటికి బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి వారు ఒక దేశం నుంచి మరొక దేశానికి రాలేదు. పాలకుల సరిహద్దులు తరువాత మారాయి, వారు ఉన్నచోటే ఉండిపోయారు.

ఆస్టిన్ పాయ మీది వంతెన దాటితే ఉత్తర అండమాన్ వస్తుంది. దిగ్లిపూర్ దగ్గర దీవులన్నిటిలో ఎత్తైన శాడిల్ పీక్ శిఖరం, సుమారు 730 మీటర్ల ఎత్తున, కనిపిస్తుంది. ఏరియల్ బే రేవు నుంచి పడవలో వెళితే రాస్, స్మిత్ అనే జంట దీవులను కలిపే ఇసుకమేట ఉంది. ఆటుపోట్లను బట్టి అది తేలుతూ మునుగుతూ ఉంటుంది. ఈ రాస్ దీవి వేరు, పోర్ట్ బ్లెయిర్ ఎదుటి రాస్ దీవి వేరు.

సిప్పిఘాట్ పొలాలు మునిగిన 2004 భూకంపంలోనే ఉత్తర అండమాన్‌లో, ముఖ్యంగా పడమటి తీరంలో, నేల సుమారు ఒక మీటరు పైకి లేచింది. నీటి అడుగున ఉండవలసిన పగడపు దిబ్బలు గాలికి బయటపడి చచ్చి తెల్లబడ్డాయి. ఒకే రోడ్డుకు ఒక చివర నేల దిగింది, మరొక చివర లేచింది. రెండుచోట్లా నష్టపోయిన జీవాలు వేరు, కారణం ఒక్కటే.

1.9 తెలుగువారి అండమాన్

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవు దగ్గర ఉదయం పూట చేపల బేరాలు శ్రీకాకుళం యాసలో వినిపిస్తాయి. ఉత్తరాంధ్ర తీరం నుంచి మత్స్యకార కుటుంబాలు ప్రభుత్వ పథకం కింద కొన్ని, సొంతంగా కొన్ని ఇక్కడికి వచ్చాయి. విశాఖపట్నం నుంచి నడిచే ఓడ ఈ సంబంధాన్ని నిలిపింది. మాప్పిళ్లలు, భాంతూలు, శరణార్థుల్లాగే వీరు కూడా ఈ చరిత్రలో భాగం. కాబట్టి ఈ దీవుల గురించి మనం అడిగే ప్రశ్నలు ఇతరుల గురించే అనుకోవడానికి వీలులేదు. మనవాళ్లు స్థిరపడిన నేల కూడా అంతకుముందు మరొకరిదే.

1.10 మీరు వెళితే

అండమాన్ చూడాలనుకునేవారికి ఒక అవకాశం ఉంది. పోర్ట్ బ్లెయిర్ పరిసరాలను, చిడియా టాపు దాకా దక్షిణ తీరాన్ని కారులో చూడవచ్చు. ఉత్తరానికి వెళ్లడానికి రంగత్, మాయాబందర్, దిగ్లిపూర్ రేవులకు ప్రభుత్వ ఓడలున్నాయి. బారాటాంగ్‌కు కూడా ప్రత్యామ్నాయ సముద్ర మార్గాన్ని ఏర్పాటు చేశారు. ఓడలో రంగత్ చేరి, అక్కడ కారు అద్దెకు తీసుకుంటే రంగత్ నుంచి దిగ్లిపూర్ దాకా తీరాన్ని హాయిగా చూడవచ్చు. దీనికి సమయం ఎక్కువ పడుతుంది, టికెట్ల కోసం ముందుగా ప్రయత్నించాలి. కానీ ఈ పద్ధతిలో వెళ్లే ప్రతి కారుకు జిర్కాటాంగ్ వరుసలో ఒక కారు తగ్గుతుంది.

1.11 సారాంశం

అండమాన్ ట్రంక్ రోడ్డు వెంట మనం నాలుగు పొరల చరిత్రను చూశాం. మొదటిది వేల ఏళ్ల ఆదిమ జాతులది. రెండవది 1789లో మొదలై 1858 తరువాత శిక్షా స్థావరంగా స్థిరపడిన వలస పాలనది. మూడవది ఖైదీలు, కూలీలు, శరణార్థులు, మత్స్యకారులుగా వచ్చి ఇక్కడివారైన ప్రజలది. నాలుగవది స్వతంత్ర భారతం వేసిన రోడ్డుది. గ్రేట్ అండమానీల అనుభవం ఏమి జరగగలదో ముందే చూపింది. ఆ అనుభవం తెలిసిన తరువాత కూడా జరావాల అడవిలో రోడ్డు వేశారు. తెలిసి చేసినదానికి బాధ్యత ఎక్కువ. చరిత్రను చదవడం వల్ల ఉపయోగమేమిటని ఎవరైనా అడిగితే, ఈ రెండు సంఘటనల మధ్య ఉన్న నూరేళ్లను ఉదాహరణగా చూపవచ్చు.

1.12 మాదిరి ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. అండమాన్ శిక్షా స్థావరం ఏర్పడటానికి కారణాలను, దాని సామాజిక ఫలితాలను వివరించండి.
2. ట్రంక్ రోడ్డు విషయంలో స్థిరనివాసుల అవసరాలను, జరావాల హక్కులను పరిశీలించి మీ అభిప్రాయాన్ని రాయండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ఊళ్ల పేర్లు వలసల చరిత్రను ఎలా తెలుపుతాయి? మూడు ఉదాహరణలివ్వండి.
2. 2004 భూకంపం అండమాన్ తీరాన్ని దక్షిణాన, ఉత్తరాన ఎలా మార్చింది?

ఇ. క్షేత్ర కృత్యం: మీ ఊరి గుండా పోయే ఒక రోడ్డును ఎంచుకోండి. దానిని ఎప్పుడు వేశారు, ఎవరి కోరిక మీద వేశారు, ఎవరి భూములు పోయాయి అన్న విషయాలను ఊరి పెద్దలను అడిగి రెండు పేజీలు రాయండి. మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరగతిలో దానిని చదివి వినిపించండి.